నాన్న గొంతును నేనే పాడుచేశానా?

ఈ వారం ఉత్తరం రాసిన పాఠకురాలు తన పేరు వద్దన్నారు. ఉత్తరం పెద్దది. విషయం క్లుప్తంగా ఇదీ.

వాళ్ల నాన్నగారు పోయి రెండేళ్లయింది. ఆయన పిల్లలకు చెప్పిన కథలు, తన చిన్ననాటి కబుర్లు 14 క్యాసెట్లలో మిగిలాయి. అన్నీ గంట టేపులు, అటు అరగంట, ఇటు అరగంట. ఆవిడ ఒక్కొక్కటే ఆడించి కంప్యూటర్‌లోకి వేవ్ ఫైళ్లుగా, అంటే శబ్దాన్ని కుదించని ఫైళ్లుగా, ఎక్కించారు. ప్రతి వైపు మొదట్లో రెండు సెకన్ల నిశ్శబ్దం చేర్చి, వేరియబుల్ బిట్‌రేట్‌తో, అంటే సెకను శబ్దానికి వాడే బిట్లు అవసరాన్ని బట్టి మారేలా, ఎంపీ3లు చేశారు. తర్వాత రెండు వైపుల ఎంపీ3లనీ ఒక చిన్న ప్రోగ్రామ్‌తో కలిపేసి, క్యాసెట్‌కి ఒక ఫైల్ చొప్పున తమ్ముడికీ అమ్మకీ పంపారు. డిస్క్‌లో జాగా చాలక ఐదు క్యాసెట్ల వేవ్ ఫైళ్లు చెరిపేశారు. మిగతా తొమ్మిదింటివి ఉన్నాయి.

గొడవ ఫైళ్లు పంపాక మొదలైంది. ఒకే ఫైల్ ఆవిడ కంప్యూటర్‌లో గంట చూపిస్తోంది. తమ్ముడి దగ్గర అరగంటే చూపించి, అరగంట కాగానే ఆగిపోతోంది. అమ్మ దగ్గరున్న పాత ప్లేయర్‌లో నాలుగు గంటలు అని పడుతోంది. "ఏడో క్యాసెట్‌లో 12 నిమిషాల 40 సెకన్ల దగ్గర నాన్న నవ్వుతారు, విను" అని రాస్తే తమ్ముడికి అక్కడ వేరే కథ వినిపించింది. పైగా ఆయన ప్లేయర్‌లో కదిలే బిట్‌రేట్ అంకె మీద కన్నేశారు. నాన్న మాట్లాడుతుంటే అంకె తగ్గుతోంది, ఊపిరి తీసుకోవడానికి ఆగితే పెరుగుతోంది. "అక్కా, నువ్వు నాన్న గొంతు పారేసి టేపు రొద దాచావు. అన్నీ 320 కిలోబిట్లలో మళ్లీ చెయ్యి" అన్నారు. ఆవిడ కంగారుగా టేపులు మళ్లీ ఆడించబోతే ఒకటి తెగింది. అదీ వేవ్ చెరిపేసిన ఐదింటిలోదే. ఆ మాట చెప్పాక తమ్ముడు ఫోన్ ఎత్తడం లేదు.

"ఉన్న ఎంపీ3లనే 320కి మార్చి పంపితే సరిపోతుందా? మిగిలిన టేపులు మళ్లీ ఆడించాలా? నాన్న గొంతును నేనే పాడుచేశానా?" అని అడిగారు.

మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. పాడుచేయలేదు. తమ్ముడికి వినపడని రెండో అరగంట ఆ ఫైల్‌లోనే ఉంది. మీ కంప్యూటర్ గంటసేపూ ఆడించగలుగుతోంది కదా, అంతకన్నా రుజువు అక్కర్లేదు. తప్పుగా ఉన్నది ఫైల్ మొదట్లో ఉండే ఒక చిన్న చీటీ మాత్రమే. మీరు చేసిన వాటిలో నిజంగా నష్టం తెచ్చిన పని ఒకటుంది. అది వేరియబుల్ బిట్‌రేట్ ఎంచుకోవడం కాదు, ఆ ఐదు వేవ్ ఫైళ్లు చెరిపేయడం.

కాబట్టి మిగతాది చదివే ముందే ఒక పని చేయండి. ఆ ఫైళ్లు చెరిపిన డిస్క్‌లో ఇక కొత్తగా ఏదీ రాయకండి, కాపీ చేయకండి. చెరిపేసిన ఫైల్ ఉన్న చోట వేరే డేటా వచ్చి పడేదాకా అది చాలాసార్లు డిస్క్ మీద అలాగే ఉంటుంది. తిరుగుతూ పనిచేసే పాత రకం హార్డ్ డిస్క్ అయితే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తిరిగి దొరికే అవకాశం బాగానే ఉంటుంది. తిరిగే భాగాలు లేని కొత్త రకం ఎస్ఎస్‌డీ అయితే చెరిపిన చోటును అదే ఖాళీ చేసేసుకుంటుంది కనుక ఆశ తక్కువ. ఏదైనా ముందు ఇది చూడాలి. అవి దొరికితే మీ సమస్యలో సగం ఇక్కడే తీరిపోతుంది.

ఇప్పుడు తమ్ముడిని అంత భయపెట్టిన అంకె సంగతి. ఎంపీ3 ఫైల్ చిన్నచిన్న ముక్కల వరుస. ఒక్కో ముక్కను ఫ్రేమ్ అంటారు. క్యాసెట్‌ను మీరు సెకనుకు 44,100 శాంపిళ్ల (శబ్దపు అల కొలతల) లెక్కన ఎక్కించి ఉంటే, ఒక ఫ్రేమ్‌లో 1,152 శాంపిళ్లు ఉంటాయి. అంటే సెకనులో వెయ్యింట 26 వంతుల కాలం. గంట టేపుకి దాదాపు 1,37,800 ఫ్రేములు. ప్రతి ఫ్రేమ్ నెత్తిన నాలుగు బైట్ల హెడర్ ఉండి, ఈ ముక్క ఏ బిట్‌రేట్‌లో ఉందో చెప్తుంది. అందుకు అనుమతించిన విలువలు 14 ఉన్నాయి, కనిష్ఠం సెకనుకు 32 కిలోబిట్లు, గరిష్ఠం 320. కాన్‌స్టంట్ బిట్‌రేట్ అంటే అన్ని ఫ్రేములకీ ఒకే విలువ. వేరియబుల్ అంటే ఏ ఫ్రేమ్‌కి ఎంత అవసరమో ఎన్‌కోడర్ (శబ్దాన్ని ఎంపీ3గా కుదించే ప్రోగ్రామ్) అప్పటికప్పుడు చూసి ఇస్తుంది. 32 దగ్గర ఫ్రేమ్ 104 బైట్లతో సరిపెట్టుకుంటుంది, 320 దగ్గర 1,044 బైట్లు తీసుకుంటుంది. ఫ్రేమ్ సైజు మారుతుందే గానీ అది ఆడే సమయం మారదు.

ఎంత అవసరం అన్నది ఎన్‌కోడర్ ఎలా నిర్ణయిస్తుంది? ఇక్కడే మీ తమ్ముడు పొరబడ్డారు. ఆ పొరపాటు సహజమైనదే, ఎక్కువ అంకె ఉన్నచోట ఎక్కువ విలువ ఉందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ బిట్‌రేట్ కొలిచేది ఆ శబ్దాన్ని రాసిపెట్టడం ఎంత కష్టమో, అంతే. అది ఎవరి గొంతో, మీకు ఎంత ప్రియమో దానికి తెలియదు. మీ నాన్నగారు "ఆ" అని సాగదీసినప్పుడు వెలువడిన అల దాదాపు ఒకే ఆకారంలో మళ్లీ మళ్లీ వస్తుంది. ఇలా క్రమంగా వచ్చేదాన్ని తక్కువ బిట్లలో రాయొచ్చు. పైగా ఒక్క మైకు ముందు మాట్లాడిన గొంతు ఎడమ, కుడి రెండు ఛానళ్లలోనూ ఒకేలా ఉంటుంది. జాయింట్ స్టీరియో పద్ధతిలో ఎన్‌కోడర్ దాన్ని రెండుసార్లు రాయదు. టేపు రొద అలా కాదు. దానికి క్రమం లేదు, ఈ క్షణాన్ని బట్టి తర్వాతి క్షణాన్ని ఊహించలేం, రెండు ఛానళ్లలో రెండు రకాలుగా ఉంటుంది. దాన్ని కుదించడం కష్టం.

ఇంకో సంగతి కూడా ఉంది. వాన హోరున కురుస్తుంటే గోడ గడియారం టిక్కుటిక్కు మనకు వినపడదు. పెద్ద శబ్దం తన దగ్గరి ఫ్రీక్వెన్సీల్లో ఉన్న చిన్న శబ్దాన్ని చెవికి అందకుండా కప్పేస్తుంది. ఎంపీ3 మొత్తం ఈ గుణం మీదే నిలబడింది. నాన్నగారు మాట్లాడుతున్నప్పుడు కూడా రొద ఉంటుంది, కానీ చాలావరకు గొంతు చాటున ఉంటుంది. వినపడని దాన్ని జాగ్రత్తగా రాయనక్కర్లేదు. ఆయన ఆగగానే కప్పేది పోతుంది, రొద బయటపడుతుంది, ఎన్‌కోడర్ దాన్నీ ఉన్నదున్నట్టు రాయడానికి బిట్లు ఖర్చుపెడుతుంది. తమ్ముడు చూసిన అంకెల కదలిక సరిగ్గా ఇదే. నాన్నగారి మాట దగ్గర అంకె తగ్గిందంటే, ఆ మాటకు కావాల్సినంత తక్కువలోనే దొరికిందని అర్థం.

అయితే 320 పెడితే? ఆ తేలికైన ఫ్రేములకి కూడా పెద్ద డబ్బాలు ఇస్తాం. అవసరానికి మించిన జాగా కొంత ఊరికే నిండుతుంది. మీ ఫైళ్లు సగటున 128 దగ్గర ఉన్నాయని రాశారు. అంటే గంటకి 57.6 మెగాబైట్లు. 320లో 144 అవుతుంది. వేవ్ నుంచి నేరుగా 320 చేస్తే శబ్దానికి హాని ఏమీ లేదు, కొంచెం భద్రత కూడా. జాగా ఉంటే తప్పేం లేదు. కానీ దానివల్ల నాన్నగారి గొంతు రెండు రెట్లు బాగా వినిపిస్తుందని మాత్రం మీరూ ఆశపడకండి, తమ్ముడికీ ఆశ పెట్టకండి.

తమ్ముడి మాటలో కొంత నిజం ఉందని కూడా చెప్పాలి. ఎంపీ3 ఏదో ఒకటి పారేస్తుంది, ఏ బిట్‌రేట్‌లో చేసినా. క్యాసెట్‌ని వేవ్‌గా సీడీ స్థాయిలో ఉంచితే సెకనుకు 1,411 కిలోబిట్లు. అది 128కి దిగిందంటే పదకొండింట పది వంతులు రాయలేదన్నమాట. అందులో చెవికి అందనివీ, అందినా గుర్తుపట్టలేనివీ ఎక్కువ. అయినా పారేసింది తిరిగి రాదు. ఆయన భయానికి కారణం లేకపోలేదు, చూపు మాత్రం తప్పు చోట పడింది.

ఒకే ఫైల్‌కి మూడు నిడివులు ఎందుకొచ్చాయో చూద్దాం. బిట్‌రేట్ ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ మారొచ్చని ఎంపీ3 ప్రమాణంలోనే ఉంది. కానీ ఫైల్ మొత్తం ఎంతసేపో చెప్పే చోటు అందులో పెట్టలేదు. అన్ని ఫ్రేములూ ఒకే సైజులో ఉంటే ఫైల్ సైజుని బిట్‌రేట్‌తో భాగిస్తే నిడివి వచ్చేస్తుంది. సైజులు మారితే ఆ లెక్క చెల్లదు. ఆ లోటు పూడ్చడానికి తర్వాత ఎన్‌కోడర్ చేసేవాళ్లు ఒక ఆనవాయితీ పెట్టుకున్నారు. మొదటి ఫ్రేమ్‌లో శబ్దానికి బదులు మొత్తం ఫ్రేములు ఎన్ని, మొత్తం బైట్లు ఎన్ని, ఏ శాతం దగ్గర ఫైల్‌లో ఎక్కడికి వెళ్లాలి అని వంద గుర్తులు రాసిన పట్టిక పెడతారు. దీన్ని జింగ్ హెడర్ అంటారు. నేను చీటీ అన్నది దీన్నే.

మీరు మొదటి వైపు ఎంపీ3 చివర రెండో వైపు ఎంపీ3ని అతికించారు. మొదటి వైపు చీటీలో "ఇక్కడ అరగంటే ఉంది" అని రాసి ఉంది. అతికించిన ప్రోగ్రామ్ దాన్ని దిద్దలేదు. తమ్ముడి ప్లేయర్ చీటీని నమ్మి అరగంటకి ఆపేసింది. మీ కంప్యూటర్ ఫ్రేములన్నీ తానే లెక్కపెట్టి గంట అంది. అమ్మగారి పాత ప్లేయర్‌కి ఈ చీటీ చదవడమే రాదు. మొదట్లో ఆడే ఫ్రేములు చూసింది. అక్కడ మీరు చేర్చిన రెండు సెకన్ల నిశ్శబ్దం ఉంది. నిఖార్సైన నిశ్శబ్దానికి ఎన్‌కోడర్ అతి తక్కువ విలువ 32 ఇస్తుంది. ఫైల్ అంతా 32లోనే ఉందనుకుని 57.6 మెగాబైట్లని భాగించుకుంది. నాలుగు గంటలు వచ్చింది. మీ ఉత్తరంలో ఈ మూడు అంకెలూ కనబడగానే నాకు మనసు కుదుటపడింది, ఎందుకంటే మూడింటికీ లెక్క సరిపోతోంది. శబ్దం నిజంగా చెడి ఉంటే అంకెలు ఇంత పొందికగా తప్పుపడవు.

నాన్నగారి నవ్వు తప్పిపోయింది కూడా దీనివల్లే అయ్యుంటుంది. తమ్ముడి ప్లేయర్ దృష్టిలో 12 నిమిషాల 40 సెకన్లు అంటే అరగంటలో 42 శాతం. ఆ 42 శాతాన్ని గంట ఫైల్ మీద కొలిస్తే 25 నిమిషాల చుట్టుపక్కలకి వెళ్తుంది. ఒకసారి ఆ చోట ఏ కథ ఉందో విని, తమ్ముడు విన్నది అదేనా అని సరిచూసుకోండి.

ఇక ఏం చేయొచ్చు. పంపిన ఫైళ్లకి చీటీ సరిచేయడం తేలిక. ఫ్రేములను ముట్టుకోకుండా మొత్తం లెక్కపెట్టి కొత్త హెడర్ రాసే సాధనాలున్నాయి. ఫూబార్2000లో ఈ సదుపాయం ఉంది. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లో మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా కాపీ చేయమని చెప్పినా కొత్త ఫైల్‌కి హెడర్ రాసి ఇస్తుంది. ముందు ఒక కాపీ తీసి దాని మీదే చేయండి, నిడివి గంట వచ్చిందో లేదో చూసుకోండి. రెండు వైపులు కలిసే చోట చిన్న విరామం వినపడొచ్చు, పర్వాలేదు. దీనివల్ల తమ్ముడి ఇబ్బంది తీరుతుంది. ఒక్క మాట, చీటీ సరిగ్గా ఉన్నా అందులో ఉన్నవి వంద గుర్తులే. గంట ఫైల్‌లో గుర్తుకీ గుర్తుకీ మధ్య 36 సెకన్లు. ఆ మధ్యలో ప్లేయర్ ఉజ్జాయింపుగా వెళ్తుంది, కొన్ని సెకన్ల తేడా రావచ్చు. అమ్మగారి ప్లేయర్ చీటీ చదవదు కాబట్టి ఆవిడకి దీనివల్ల ఏమీ ఒరగదు.

వేవ్‌లు ఉన్న తొమ్మిదింటికి మీ చేతిలో అన్ని దారులూ ఉన్నాయి. నేనైతే రెండు వైపుల వేవ్‌లనీ ముందు కలిపి, ఆ తర్వాతే ఎన్‌కోడ్ చేస్తాను. అప్పుడు చీటీ మొదటే సరిగ్గా పడుతుంది. తమ్ముడికి వేరియబుల్ అయినా, ఆయన మనసు కుదుటపడాలంటే 320 అయినా ఇవ్వొచ్చు. అమ్మగారికి కాన్‌స్టంట్ 128 చేయండి. ఫైల్ మీ దగ్గరున్నంతే ఉంటుంది, నిడివి సరిగ్గా పడుతుంది, ముందుకీ వెనక్కీ జరిపినా కోరిన చోటికే వెళ్తుంది. కొన్ని పాత ప్లేయర్లకి వేరియబుల్ సరిపడదు, ఆ వయసులో ఆవిడకి కొత్త ప్లేయర్ నేర్పించడంకన్నా ఇది నయం. వేవ్‌లను మాత్రం ఈసారి చెరపకండి. జాగా ఇబ్బంది అయితే ఫ్లాక్‌గా మార్చుకోండి. ఫ్లాక్ కూడా కుదిస్తుంది గానీ ఒక్క బిట్ కూడా పోదు, ఎప్పుడు విప్పినా అదే వేవ్ వస్తుంది. నిజానికి 14 గంటల వేవ్‌లన్నీ కలిపినా 9 గిగాబైట్ల లోపే. ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తాయి. రెండు కాపీలు చేసి ఒకటి తమ్ముడి దగ్గర ఉంచండి.

వేవ్‌లు లేని ఐదింటి సంగతే కష్టం. వాటి ఎంపీ3లని 320కి మారిస్తే ఏమవుతుందో చెప్తాను. ఎన్‌కోడర్ ముందు ఎంపీ3ని విప్పుతుంది. పోయినవి పోయినట్టే ఉంటాయి. అలా విప్పినదాన్ని కొత్త శబ్దంలా చూసి మళ్లీ కొంత పారేస్తుంది. అంకె 320 అని పడుతుంది, లోపల ఉన్నది మాత్రం ఇప్పుడున్న దానికన్నా కాస్త తక్కువే. అంతకన్నా నాకు బాధనిపించేది ఇంకొకటి. తమ్ముడు ఆ 320ని చూసి శాంతిస్తారు, ఆ శాంతి అబద్ధం మీద నిలబడుతుంది. కొన్నేళ్లకి ఏది అసలో ఏది నకలో మీకే గుర్తుండదు. అమ్మగారి ప్లేయర్ కోసం వినడానికి కాన్‌స్టంట్ కాపీ చేసుకుంటే ఫర్వాలేదు, పేరులోనే "అమ్మ కోసం కాపీ" అని రాయండి, ఇప్పుడున్న ఎంపీ3ని అసలుగా దాచండి.

టేపులు మళ్లీ ఆడించడం రెండో దారి. గట్టిగా ఉన్న టేపు అయితే లాభమే, ఈసారి వేవ్ చేతికొస్తుంది. ముడతలు పడ్డవి, ఆడుతూ కిచకిచమనేవి అయితే ప్రతి ఆటా గండమే. వాటిని మీరు ఆడించకండి. పాత టేపులు ఎక్కించడమే పనిగా ఉన్నవాళ్లకి ఇస్తే వాళ్ల యంత్రం మంచి స్థితిలో ఉంటుంది, ప్రమాదం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు, టేపు మీ చేతిలోంచి బయటికి వెళ్తుంది. ఆ బెంగ మీరు భరించగలరో లేదో మీకే తెలుస్తుంది. మూడో దారి ప్రస్తుతానికి వాటిని కదపకుండా, ఉన్న ఎంపీ3లే అసలనుకుని ఊరుకోవడం. ఇంట్లో మామూలు రికార్డర్ మీద చేసిన టేపు ముందే ఎంతో కొంత పోగొట్టుకుని ఉంటుంది. మీ ఎంపీ3 దాని మీద పోగొట్టింది చాలామందికి తెలియదు. నా మనసు అడిగితే, గట్టివాటిని మీరే మళ్లీ ఎక్కించి, బలహీనమైనవాటిని తమ్ముడితో మాట్లాడేదాకా ఆపండి అంటుంది.

తెగినదాన్ని మామూలు సెల్లోటేపుతో అతికించకండి. దాని జిగురు కరిగి పక్క పొరలకి అంటుకుంటుంది. ఆడియో టేపు అతికించడానికే చేసిన స్ప్లైసింగ్ టేపు వేరే ఉంటుంది. తెగిన చోట పోయేది ఒకటి రెండు మాటలు, అవి కూడా మీ ఎంపీ3లో ఉన్నాయి. టేపు తెగక ముందే ఆ ఎంపీ3 చేసినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపండి. ఈరోజు ఆ క్యాసెట్ మాటలు మిగిలింది దానివల్లే.

తమ్ముడి గురించి. ఆయనకి ఈ లెక్కలన్నీ ఫోన్‌లో చెప్పబోతే వాదన అవుతుంది. తొమ్మిదింటిలో ఒక దాని నుంచి ఒక నిమిషం ముక్క తీసుకోండి. దాన్ని వేరియబుల్ ఎంపీ3గా చేసి, తిరిగి వేవ్‌గా విప్పండి. అసలు వేవ్‌నీ దీన్నీ ఒకటి, రెండు అని పేర్లు పెట్టి పంపి, ఏది ఏదో చెప్పకుండా వినమనండి. ఇద్దరూ వినండి. ఆయన మళ్లీ మళ్లీ సరిగ్గా గుర్తుపడితే ఆయన చెవికి ఆ తేడా అందుతోందన్నమాట, అప్పుడు 320యే చేయండి, ఆయన కోరిక న్యాయమైనదే. గుర్తుపట్టలేకపోతే మీరు ఒక్క మాట కూడా అనాల్సిన పని ఉండదు. వేవ్‌లు చెరిపిన సంగతి మాత్రం మీరే ఒప్పుకోండి. ఆయన కోపంలో న్యాయమున్న భాగం అదొక్కటే, అది మీ నోటి నుంచి వినడం ఆయనకి అవసరం.

కానీ ఇవన్నీ తర్వాత. ఏడో క్యాసెట్ వేవ్ మీ దగ్గర భద్రంగా ఉందని రాశారు. దాంట్లోంచి ఆ నవ్వు ఉన్న అర నిమిషం కత్తిరించి, కుదించకుండా, వేవ్‌గానే తమ్ముడికి ఈ రాత్రి పంపండి. నిమిషాలూ సెకన్లూ ఏమీ రాయొద్దు. ఫైల్ తెరవగానే నాన్నగారు నవ్వుతారు.